గుడ్డు అడిగిన పసిబిడ్డకు తీపి పిండి

క్రిస్మస్‌కు ముందు మా సంఘంలో స్త్రీల సమాజం వాళ్లు నన్ను పిలిచి, ‘‘పసిపిల్లలకు ఏం పెట్టాలో తల్లులకు నాలుగు మాటలు చెప్పండి బ్రదర్’’ అన్నారు. మాది బెంగళూరులో ఒక తెలుగు సంఘం. తాతల కాలంలో రాయలసీమ కరువుకు తట్టుకోలేక వచ్చిన కుటుంబాలే ఎక్కువ. మా ఆడవాళ్లలో చాలామంది వీధులూడ్చే పౌరకార్మికులు. నేను చార్టు మీద రంగు బొమ్మలు అంటించుకొని వెళ్లాను. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత పాలతో పాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు అని అరగంట చెప్పాను. అంతా విన్నాక వెనక వరసలో ఒక చెల్లెలు లేచింది.

‘‘నువ్వు చెప్పింది బాగుందన్నా. నేను తెల్లారి ఐదున్నరకు ఇల్లు వదిలితే మళ్లీ వచ్చేది రెండున్నరకు. పాప మా అత్త దగ్గర ఉంటుంది. ఆమెకు కండ్లు సరిగ్గా కనపడవు, స్టవ్ ముట్టించొద్దని నేనే చెప్పినా. మరి మధ్యలో పాపకు వండి పెట్టేది ఎవరన్నా?’’

నా చార్టులో దానికి బొమ్మ లేదు. ఏదో సర్ది చెప్పి, ప్రార్థన చేసి కూర్చున్నాను. అదే సాయంత్రం పాలు తాగే బిడ్డలున్న తల్లులకు సంఘం తరఫున బహుమతులు పంచాం. ఒక దుప్పటి, ఒక పాలసీసా, ఒక బేబీ ఫుడ్ డబ్బా. ఆ చెల్లెలు కూడా వరసలో నిలబడి తీసుకుంది. డబ్బాలు కొన్న కమిటీలో నేనూ ఉన్నాను. ఇంటికి వచ్చి చదివితే తెలిసింది, మేము చేసిన పని చట్టానికే విరుద్ధమని. దాని సంగతి ముందు చెబుతాను. ఆ తప్పు ఒప్పుకొనే ఈ మాటలు రాస్తున్నాను.

ఆరో నెల తర్వాత

ఆరు నెలల వరకు బిడ్డకు కావలసినదంతా తల్లిపాలలో ఉంటుంది. ఆ తర్వాత పాలు మంచివే గానీ ఒక్క పాలే చాలవు. పుట్టినప్పుడు ఒంట్లో దాచుకున్న ఇనుము అప్పటికి తరిగిపోతుంది. తల్లిపాలు బాగా తాగే బిడ్డకు కూడా ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు సుమారు 200 కేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య 300, ఏడాది దాటాక 550 కేలరీలు పైఆహారం నుంచి రావాలి. బిడ్డ కడుపు చాలా చిన్నది. ఎనిమిది కిలోల బిడ్డ ఒక పూటకు పావు లీటరుకు మించి పట్టించుకోలేదు. అందులో నీళ్ల జావ పోస్తే కడుపు నిండుతుంది, ఏడుపు ఆగుతుంది, ఒంటికి మాత్రం ఏమీ చేరదు. అందుకే ఉగ్గు చెంచాలో నిలబడేంత గట్టిగా ఉండాలి. అందులో పప్పు, కాస్త నూనె లేదా నెయ్యి, ఆకుకూర పడాలి. రోజూ గుడ్డో చేపో మాంసమో అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మన అమ్మమ్మలకు ఇందులో చాలా సంగతులు తెలుసు. రాగులు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, వేయించి విసిరేవాళ్లు. మొలకెత్తిన గింజల పిండి కలిపితే గట్టి జావ కూడా నీళ్లు పోయకుండానే పలచబడుతుంది. బిడ్డ సులువుగా మింగుతుంది, బలమూ తగ్గదు. కానీ మొలక కట్టడానికి రెండు రోజులు కావాలి, ఎండబెట్టడానికి మేడో వాకిలో కావాలి, విసరడానికి చెయ్యి ఖాళీగా ఉండాలి. పది అడుగుల గదిలో ఉండి తెల్లవారకముందే పనికి పోయే తల్లికి వీటిలో ఏది ఉంది?

తల్లికి తెలియకనా?

పసిపిల్లలు బక్కచిక్కితే మనం మొదట అనే మాట ‘‘తల్లులకు అవగాహన లేదు’’ అని. ప్రభుత్వమూ అదే అంటుంది, డాక్టర్లూ అదే అంటారు, ప్రసంగ వేదిక మీద నుంచి మేమూ అదే అంటాం. లెక్కలు చూడండి. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల లోపు బిడ్డల్లో నూటికి 64 మందికి తల్లిపాలు మాత్రమే అందుతున్నాయి. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య బిడ్డల్లో కనీస స్థాయి ఆహారం అందుతున్నది నూటికి 11 మందికే. ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరు. నూటికి 67 మందికి రక్తహీనత.

ఆరో నెలలో ఆ తల్లి తెలివి ఒక్కసారిగా ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. పాలు ఆమె ఒంట్లో ఉన్నాయి, ఇచ్చింది. గుడ్డు, పప్పు, పండు అంగడిలో ఉన్నాయి. వండి, మెత్తగా మెదిపి, ఓపికగా తినిపించే గంట ఆమె కాంట్రాక్టరు చేతిలో ఉంది.

బాగా ఉన్న ఇళ్లలో కూడా ఈ లెక్క గొప్పగా లేదని కొందరు అంటారు. నిజమే. అక్కడ బిస్కెట్టు, తీపి పొడి, ప్రకటనల మాయ పని చేస్తున్నాయి. అవగాహన అక్కర్లేదని నేను అనను. నీళ్ల జావకూ గట్టి ఉగ్గుకూ తేడా చెప్పాల్సిందే. కానీ డబ్బూ సమయమూ రెండూ లేని తల్లి ముందు నిలబడి అవగాహన ఒక్కటే పంచడం, చెప్పులు లేని మనిషికి నడక పాఠాలు చెప్పినట్టే.

మన వాళ్లు ఎక్కడెక్కడ ఏ పనుల్లో ఉన్నారో ఒకసారి తలచుకోండి. షోలాపూర్‌లో మన తెలుగు ఆడవాళ్లు ఇంట్లోనే కూర్చొని బీడీలు చుడతారు. ఎన్ని వేలు చుడితే అంత కూలి. ఒడిలో బిడ్డ, ఒడి పక్కనే పొగాకు చేట. కోయంబత్తూరులో, చెన్నైలో, బెంగళూరులో, ఒడిశా పట్టణాల్లో ఊరి చెత్త ఎత్తే చేతుల్లో తెలుగు మాట్లాడే దళిత చేతులు ఎన్నో ఉన్నాయి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలంది. ఇంట్లో బీడీ చుట్టే తల్లికి ఈ చట్టం కాగితం మీదే మిగిలింది. కాంట్రాక్టు కింద ఊడ్చే తల్లికి కాగితం మీద అందినా, సెలవు అడిగితే ఆ చోటికి మరో మనిషి వస్తుందన్న భయం.

మోషే కథ మనం ఆదివారపు బడిలో ఎన్నిసార్లు చెప్పుకోలేదు! జమ్ముపెట్టెలో దొరికిన బిడ్డకు పాలివ్వడానికి ఫరో కుమార్తె ఆ కన్నతల్లినే పిలిపించి జీతం కట్టి ఇచ్చింది. నిర్గమకాండము రెండో అధ్యాయంలో ఉంది. బిడ్డను పెంచడం కూలి ఇవ్వాల్సినంత పని అని అణచివేసే రాజు ఇంటి ఆడపిల్లకే తోచింది. మన నగరపాలక సంస్థలకూ వాళ్ల కాంట్రాక్టర్లకూ ఎందుకు తోచదు? వాళ్లను అడగాలని మనకెందుకు తోచలేదు?

డబ్బాలో ఏముంది?

తల్లికి సమయం లేని చోట డబ్బా వచ్చి కూర్చుంటుంది. వేడినీళ్లు పోసి కలిపితే చాలు, చూపు ఆనని అత్త కూడా తినిపించగలదు. ఇందులో ఇనుము కలుపుతారు, అది మంచిదే. అందుకే డబ్బా కొనే తల్లిని నేను తప్పుపట్టను. డబ్బా అమ్మేవాణ్ని తప్పుపడతాను.

2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండుకు చెందిన పబ్లిక్ ఐ, పసిపిల్లల ఆహారం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇబ్‌ఫాన్‌తో కలిసి ఒక నివేదిక బయటపెట్టింది. నెస్లే కంపెనీ మన దేశంలో అమ్ముతున్న సెరిలాక్‌లో పూటకు సగటున 2.7 గ్రాముల చక్కెర అదనంగా ఉందని అందులో తేలింది. అదే కంపెనీ జర్మనీలో, బ్రిటన్‌లో అమ్మే గోధుమ ఆహారంలో అదనపు చక్కెర లేదు. ఇథియోపియాలో, ఫిలిప్పీన్స్‌లో మనకంటే ఎక్కువ. తాము దేశదేశాల నిబంధనలు పాటిస్తున్నామని, ఐదేళ్లలో చక్కెర 30 శాతం దాకా తగ్గించామని కంపెనీ జవాబిచ్చింది. ఆ తర్వాత శుద్ధి చేసిన చక్కెర లేని రకాలను కూడా మన మార్కెట్లోకి తెచ్చింది. సంతోషం. అంటే తీయగలిగేదే కదా! జర్మనీ బిడ్డకు అక్కర్లేని చక్కెర మన బిడ్డకు ఇన్నేళ్లు ఎందుకు పెట్టారు? మన నిబంధనలు ఒక హద్దు వరకు చక్కెరను అనుమతించాయి గనుక. చట్టం వదిలేసిన సందులో వ్యాపారం దూరింది. మొదటి చెంచాలోనే తీపికి అలవాటు పడిన నాలుకకు తర్వాత పప్పు చప్పగా ఉంటుంది, ఆకుకూర చేదుగా ఉంటుంది.

ఇప్పుడు నేను ముందు చెప్పిన తప్పు సంగతి. మన దేశంలో 1992లో శిశు పాలప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాల చట్టం వచ్చింది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్ల లోపు బిడ్డల కోసం అమ్మే ఏ ఆహారానికీ ప్రకటనలు ఇవ్వకూడదు. తల్లులకు ఉచిత శాంపిళ్లు, బహుమతులు ఇవ్వకూడదు. ఆసుపత్రిలో పోస్టరు పెట్టకూడదు. అంతేకాదు, అనాథాశ్రమాలకు తప్ప ఇంకెవరికీ పాలడబ్బాలు, పాలసీసాలు, శిశు ఆహారం దానంగా పంచకూడదు. కంపెనీ చేయడానికి వీల్లేని ప్రచారం మేము ప్రభువు పేరు మీద ఉచితంగా చేసిపెట్టాం. ఒక డబ్బా అయిపోయాక రెండో డబ్బా ఆ తల్లి తన కూలి డబ్బుతో కొనాలి. కొనలేకపోతే ఉన్న పొడిలోనే నీళ్లు ఎక్కువ పోస్తుంది. మన దానం ఆ బిడ్డకు అలా ముగుస్తుంది.

ఎనిమిది రూపాయల బిడ్డ

డబ్బా వద్దంటే మరేమిటి? ఆ బిడ్డకు పెట్టవలసిన ఆహారం ఇప్పటికే చట్టంలో రాసి ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా వయసుకు తగిన ఆహారం ఉచితంగా రావాలి. మూడేళ్ల లోపు బిడ్డలకు ఇంటికి ఇచ్చే రేషనులో రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని 2013లో ఆ చట్టంలో రాశారు. ఇది హక్కు. ఎవరి దయా కాదు.

దీనికి కట్టిన ఖరీదు ఎంత? 2017లో కేంద్రం నిర్ణయించిన లెక్కలో ఒక బిడ్డకు రోజుకు ఎనిమిది రూపాయలు. ఈ రోజు అంగట్లో ఒక గుడ్డు ధరే ఆరేడు రూపాయలు. మిగిలిన రూపాయిలో పప్పు, నూనె, పాలు, ఆకుకూర, పొట్లం, రవాణా! కొన్ని రాష్ట్రాలు తమ డబ్బు కలిపి నెట్టుకొస్తున్నాయి. చాలాచోట్ల పొట్లంలో గోధుమపిండి, శనగపిండి, వాటితో పాటు చక్కెర. పేదబిడ్డ కేలరీల లెక్క పూరించడానికి అన్నిటికంటే చౌక దారి చక్కెరే. స్విట్జర్లాండు కంపెనీని తిట్టినంత సులువుగా మన ప్రభుత్వపు పొట్లాన్ని మనం ప్రశ్నించడం లేదు.

పొట్లం ఎవరు తయారు చేయాలన్న గొడవ కూడా చిన్నది కాదు. అంగన్‌వాడీ ఆహారాన్ని కాంట్రాక్టర్ల చేతికి ఇవ్వొద్దని, గ్రామ సముదాయాలకు, స్వయం సహాయక సంఘాలకు, మహిళా మండళ్లకు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అయినా మహారాష్ట్రలో పెద్ద సరఫరాదారులకు మేలు చేసేలా టెండరు షరతులు పెట్టారని 2019లో అదే కోర్టు ఆ టెండర్లను రద్దు చేయాల్సి వచ్చింది. మరోపక్క ఒడిశాలో ఛతువా పిండిని మహిళా స్వయం సహాయక సంఘాలే తయారు చేస్తున్నాయి. తమిళనాడులో సత్తుమావు మహిళా సహకార సంఘాల్లో తయారవుతుంది. ఈ రెండు రాష్ట్రాల అంగన్‌వాడీల్లో గుడ్డు కూడా ఉంది. చేయాలనుకుంటే చేయొచ్చని మనం బతుకుతున్న రాష్ట్రాలే చూపిస్తున్నాయి.

గుడ్డు దగ్గర మాత్రం మతం అడ్డొస్తుంది. 2021 డిసెంబరులో కల్యాణ కర్ణాటక జిల్లాల బడుల్లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు వద్దన్నారు. రాయచూరు, బళ్లారి వైపు మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. అది బడి పిల్లల సంగతే అయినా, ఆ మాట పసిబిడ్డ గిన్నె దాకా పాకుతుంది. గుడ్డు తినని వాళ్ల ఇష్టాన్ని గౌరవిద్దాం, వాళ్ల బిడ్డకు పాలో పండో ఇవ్వమని మనమే అడుగుదాం. తినే బిడ్డ నోటి దగ్గర నుంచి లాక్కునే హక్కు ఎవరికి ఉంది? మాంసం సంగతీ అంతే. మహారాష్ట్రలో 2015లో, కర్ణాటకలో 2021లో పశువధ చట్టాలు బిగిశాక మన పేటల్లో చౌకగా దొరికే మాంసం దూరమైంది. ఇనుము, జింకు పుష్కలంగా ఉండే ఆ ఆహారాన్ని నేరంలా చేసి, మళ్లీ మన బిడ్డలకే రక్తహీనత ఉందని లెక్కలు చెబుతున్నారు. మనవాళ్లలో కొందరు కూడా సిగ్గుపడి, చంటిబిడ్డకు కాలేయం ముక్క మెదిపి పెట్టే అలవాటును ‘‘పాతకాలపు పద్ధతి’’ అని మానేశారు. అది సిగ్గుపడాల్సిన తిండి కాదు.

సంఘానికి ఇది పనేనా?

‘‘బ్రదర్, సంఘం సువార్త చెప్పాలి గానీ రేషను లెక్కలు అడగాలా?’’ అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయనకు ఒక పాత సంగతి చెప్పాను. 1976లో అమెరికాలో ప్రెషస్ బ్లడ్ అనే కాథలిక్ సభకు చెందిన సిస్టర్లు బ్రిస్టల్-మయర్స్ అనే పెద్ద కంపెనీ మీద కోర్టుకు వెళ్లారు. పేద దేశాల్లో పాలపొడి అమ్మే తీరు గురించి వాటాదారులకు ఆ కంపెనీ నిజం చెప్పడం లేదన్నది వాళ్ల ఫిర్యాదు. మరుసటి ఏడాదే నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది, అందులో ఎన్నో సంఘాలు చేరాయి. 1981లో పాలపొడి అమ్మకాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి వచ్చింది. మన 1992 చట్టం దాని బిడ్డే. మఠంలో ఉండే సిస్టర్లకు కంపెనీ వాటాల లెక్కలు అడిగే పని ఉన్నప్పుడు, మనకు అంగన్‌వాడీ పొట్లం లెక్క అడిగే పని లేదా?

మా సంఘంలో మేము నిర్ణయించుకున్నవి చెబుతాను. మీ సంఘంలో ఏది కుదిరితే అది చేయండి. డబ్బాలు, సీసాలు పంచడం మానేశాం. ఆ డబ్బుతో చంటిబిడ్డ ఉన్న ఇంటికి వారం వారం గుడ్లు, కందిపప్పు, వేరుశనగ ఇస్తున్నాం. రాగులు మొలక కట్టి పిండి పట్టించే పని స్త్రీల సమాజంలో ఇంటి దగ్గరుండే అక్కలు, పెద్దమ్మలు తీసుకున్నారు. వాళ్ల శ్రమకు కూలి ఇవ్వాలని కూడా తీర్మానించాం. ఊరికే చేయించుకుంటే మళ్లీ ఆడవాళ్ల మీదే భారం వేసినట్టు.

ఇంక పెద్ద పని మిగిలే ఉంది. మన గుడులు వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటాయి. ఫ్యాను ఉంది, నీళ్లు ఉన్నాయి, వంటగది ఉంది. తెల్లారి ఐదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా అక్కడ పసిబిడ్డల్ని చూసుకోవడానికి తలుపు ఎందుకు తెరవకూడదు? కర్ణాటక గ్రామ పంచాయతీల్లో ఉపాధి కూలీల బిడ్డల కోసం ‘కూసిన మనె’ పేరుతో శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టారు. నగరంలో ఊడ్చే తల్లులకు అదే ఇవ్వండని అడుగుదాం. అడుగుతూనే మన తలుపు తెరుద్దాం. రెండింటిలో ఏ ఒక్కటీ రెండోదానికి బదులు కాదు. మనం నడుపుతున్నాం కదా అని ప్రభుత్వం తప్పుకోకూడదు.

యవ్వనస్తులారా, ఇది మీరు బాగా చేయగల పని. మీ వీధి అంగన్‌వాడీలో నెలకు ఎన్ని పొట్లాలు రావాలి, ఎన్ని వచ్చాయి, అందులో ఏముంది, ఎవరు సరఫరా చేశారు అని సమాచార హక్కు కింద అడగండి. పొట్లం అందుకోవడానికి తల్లి ముఖాన్ని ఫోనులో గుర్తించే పద్ధతి వచ్చింది. పనిలో ఉన్న తల్లి ఆ వేళకు రాలేక పొట్లం పోతోందా చూడండి. కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా చదవడం రాని మన పెద్దల తరఫున మీరు దరఖాస్తు రాయండి. అంగన్‌వాడీ టీచరు మీద మాత్రం విరుచుకుపడకండి. ఆమె కూడా చాలీచాలని గౌరవ వేతనం మీద నెట్టుకొస్తున్న మన అక్కే. ఆమెను కలుపుకొని పైవాళ్లను అడగండి.

ఆ చెల్లెలి బిడ్డకు ఇప్పుడు పదిహేను నెలలు. రెండు పళ్లు చూపించి నవ్వుతుంది. ఎత్తుకుంటే బరువు తెలియదు, ఆ తేలిక నన్ను భయపెడుతుంది. రెండేళ్లు నిండేలోగా ఆగిపోయిన ఎదుగుదలను తర్వాత పూడ్చడం చాలా కష్టం. అంటే ఆ పాపకు మిగిలింది తొమ్మిది నెలలు. మన తీర్మానాలు, కమిటీలు, వచ్చే ఏడాది బడ్జెట్టు దాకా ఆమె వయసు ఆగదు.

గుడ్డు అడిగిన బిడ్డకు తేలునిచ్చే తండ్రి మీలో ఉన్నాడా అన్న అర్థంలో ప్రభువు అడిగిన ప్రశ్న లూకా సువార్త పదకొండో అధ్యాయంలో ఉంది. మనం తేలునివ్వలేదు. తీపి పిండి ఇచ్చి, ఫోటో తీయించుకున్నాం. ఈ క్రిస్మస్‌కు బహుమతుల పట్టీ రాసే కమిటీలో మీరు ఉంటే, ఆ పట్టీలో డబ్బా కొట్టేసి గుడ్లు అని రాయండి. తర్వాత ఆ తల్లి పక్కన నిలబడి, ఆమె కాంట్రాక్టరును సెలవు, క్రెష్ అడగండి.